సాలూరులో మొలచిన క్లియోపాత్రా

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

చరాచర సృష్టి అన్న మాటలో మన పూర్వులు చెట్టుచేమలను అచరముల పక్షాన నిలిపారు. నాటిన చోట నాటినట్లే ఉండేవి కనుక ఆ విభజన న్యాయమే అనిపిస్తుంది. కాని బాట ప్రక్కన అత్తిపత్తిని వ్రేలితో తాకి, అది సిగ్గుపడి ముడుచుకొనడం చూచి కేరింతలు కొట్టని బాల్యం మనలో ఎవరికి ఉన్నది? అమెరికా ఖండపు ఉష్ణమండలం నుండి వచ్చి మన పొలం గట్ల మీద కాపురం పెట్టిన ఆ చిన్న మొక్క ఒక్కటే చాలు, పూర్వుల జాబితాను సవరించడానికి. ఆచార్య జగదీశ చంద్ర బోసు అత్తిపత్తితో పాటు మరొక మొక్కను కూడ ఎన్నుకొని పరిశోధించారు. వంగదేశంలో దానిని బన్‌చాడాల్ అంటారు. ఎవరూ తాకకుండానే, గాలి వీచకుండానే, దాని చిన్న ఆకులు రెండూ వెచ్చని వేళ తమంతట తాము చుట్టు తిరుగుతూ ఉంటాయి. 1917లో కలకత్తాలో తన పేర పరిశోధనాలయాన్ని నెలకొల్పిన ఆ మహనీయుడు, మొక్కల చలనాన్ని కంటికి కనబడేటట్లు గీత గీయించే పరికరాలను తన పర్యవేక్షణలోనే తయారు చేయించుకున్నారు. విజ్ఞానశాస్త్రానికి పనివాని చేయి ఎంత అవసరమో ఆ పరికరాలే సాక్ష్యం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది అటువంటి ఒక చేతిని గూర్చియే.

గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవానికి మా తరగతివారు ఒక హాస్య నాటిక వేయ తలపెట్టారు. అందులోని కథావస్తువు మాకు అమెరికా దేశపు పాత టెలివిజన్ ధారావాహిక నుండి దొరికింది. దాని పేరు 'ఆడమ్స్ ఫ్యామిలీ'. ఛార్లెస్ ఆడమ్స్ అనే చిత్రకారుడు 1938 నుండి 'న్యూయార్కర్' పత్రికలో గీస్తూ వచ్చిన వ్యంగ్యచిత్రాలే దానికి మూలం. 1964 నుండి 1966 వరకు 64 భాగాలుగా, నలుపు తెలుపులలో అది ప్రసారమైంది. మా తాతల యౌవనంలోని ఆ వినోదాన్ని మనుమలమైన మేము చేతిలోని ఫోను మీద చూచాము. లోకమంతా అసహ్యించుకొనేదానిని ముద్దుచేసి, లోకం మెచ్చేదానిని చూచి ముఖం చిట్లించే కుటుంబం అది. ఇల్లాలు మోర్టీషియా గులాబీ పువ్వులను కత్తిరించి పారవేసి, ముళ్ల కొమ్మలను మాత్రం కూజాలో అలంకరిస్తుంది. ఆమె కన్నబిడ్డవలె పెంచుకొనే మాంసాహారి మొక్క పేరే క్లియోపాత్రా. ఆమె ముద్ద పెడితే అది మెడ వంచి తింటుంది.

మా నాటికలో మోర్టీషియా స్థానంలో ఒక ఉర్దూ మాట్లాడే నానీ, ఆమె మనుమరాలిని చూడ వచ్చిన తెలుగు పెళ్లిళ్ల పేరయ్య, నట్టింట ఈ మొక్క. వచ్చిన ప్రతి సంబంధాన్నీ మొక్కయే పరీక్షిస్తుంది. హాస్యమంతా మొక్క మీదనే ఆధారపడి ఉన్నది. అది కదలకపోతే నాటిక లేదు. సినిమావారికైతే కెమెరా ఉన్నది. 1957 నాటి 'మాయాబజార్'లో లడ్లు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుని నోటిలో పడుతుంటే మనం నేటికీ నోరు తెరచి చూస్తాము. అది మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణ చాతుర్యం. రంగస్థలం మీద ఆ సౌకర్యం లేదు. మొదటి వరుసలో కూర్చున్న పెద్దల కళ్ల ఎదుటనే కదలవలె.

మిత్రులందరూ నా వైపు చూచారు. కారణం నేను సాలూరు వాడను కావడమే. సాలూరు అనగానే లారీ జ్ఞాపకం రాని వారు ఈ ప్రాంతంలో ఉండరు. వేగవతీ నది ఒడ్డున ఉన్న మా ఊరు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోనికి మారింది గాని, మారని విషయం ఒకటున్నది. విశాఖపట్నం నుండి రాయపూరు పోయే రహదారి మా ఊరి మీదుగానే పోయి, ఆవల సుంకి ఘాటు ఎక్కి ఒడిశాలో ప్రవేశిస్తుంది. ఆ దారి పుణ్యమా అని లారీ కొనేవారు, నడిపేవారు, బాగుచేసేవారు, దానికి బాడీ కట్టేవారు, తలుపు మీద తామరపువ్వు వేసేవారు మా వీధులలో పెరిగారు.

మా మామూ ఆ బాడీ కట్టే వారిలో ఒకరు. ముప్పది సంవత్సరాలకు పైగా ఒకే షెడ్డులో వడ్రంగిగా ఉన్నారు. ఇప్పుడు కొత్త లారీలకు కేబిన్ కర్మాగారంలోనే తయారై వస్తున్నది. కొయ్యపని తగ్గి ఇనుపరేకుల పని పెరిగింది. రెండేళ్ల క్రిందట ఆ షెడ్డువారు, "కబురు పెడతాము, అప్పుడు రండి" అన్నారు. కబురు రాలేదు. ఉలులు, బాడిసె, చిత్రిక ఒక గోనెసంచిలో కట్టి నానీ మంచం క్రింద పెట్టారు. ఉదయం నమాజుకు వెళ్లి వచ్చి వసారాలో కూర్చుంటే మధ్యాహ్నం వరకు అక్కడే. ఎవరితోనూ మాట్లాడరు. ఆయనకు మతి చలించిందని ఇరుగుపొరుగువారు గుసగుసలాడుకొనడం నానీ చెవిన పడి ఆమె అన్నం మానివేసిన రోజు కూడ ఒకటున్నది. నేను ఈ మొక్క సంగతి ఎత్తినది ఆ వసారాలోనే. ఫోనులో క్లియోపాత్రాను చూపించాను. ఆయన ఒకసారి చూచారు, మళ్లీ పెట్టమన్నారు. మూడవసారి చూచి, "లోపల తీగె ఉంది బేటా. కింద మనిషున్నాడు" అని, సంచి బయటికి లాగమన్నారు.

మొక్క నిర్మాణాన్ని కొంచెం వివరంగా చెప్పడానికి పాఠకులు అనుమతింతురు గాక. ప్రధానమైన చిక్కు మెడ. మెడ అన్ని దిక్కులకూ వంగవలె. వంగినది మళ్లీ నిటారుగా నిలబడవలె. తల బరువును మోయవలె. తొలుత మామూ లారీ స్పీడామీటరు కేబులును వెన్నెముకగా అమర్చి చూచారు. అది నీరు లేని వంగమొక్కవలె తల వ్రేలవేసింది. రెండవ దినం ఒక పాత దుకాణంలో ఎయిర్ బ్రేకు రబ్బరుగొట్టం దొరికింది. దెబ్బ తగలకుండా ఆ గొట్టం చుట్టూ స్ప్రింగు చుట్టి ఉంటుంది. వంచితే వంగుతుంది, వదలితే లేస్తుంది. "దీనికి ఘాటులు అలవాటే" అన్నారు మామూ.

ఆ గొట్టానికి 14 ప్లైవుడ్ బిళ్లలను పూసలవలె గ్రుచ్చారు. అడుగు బిళ్ల వ్యాసం 4 అంగుళాలు. పైకి పోయిన కొద్దీ తగ్గుతూ కొన బిళ్ల 1½ అంగుళం. ప్రతి బిళ్ల అంచున నాలుగు దిక్కులా నాలుగు బెజ్జాలు. ఆ బెజ్జాల గుండా సైకిలు బ్రేకు తీగెలు నాలుగు ప్రయాణించి కొనబిళ్లకు ముడిపడతాయి. ముందు తీగెను లాగితే మెడ ముందుకు వంగుతుంది, కుడి తీగెను లాగితే కుడికి. రెండూ కలిపి లాగితే మూలకు. వినడానికి సులభమే. అసలు రహస్యం మరొకటి. ఒక తీగెను ఎంత లాగుతామో దాని ఎదుటి తీగెను అంతే వదలవలె. లేకపోతే రెండూ పెనుగులాడి మెడ బిగుసుకొనిపోతుంది. రెండు చేతులతో నాలుగు తీగెలను ఈ విధంగా నడపడం మానవమాత్రునికి సాధ్యం కాదని మేము నిరాశపడితే, మామూ పాత స్టీరింగు రాడ్డు అడుగున ఉండే చిన్న జాయింటు ఒకటి తెచ్చి, దాని మీద చదరపు పలక బిగించి, పలక నాలుగు అంచులకు నాలుగు తీగెలను కట్టి, నడుమ ఒక పిడి నిలిపారు. పలక ఒక ప్రక్కకు వాలితే ఆ ప్రక్క తీగె దిగుతుంది, ఎదుటి ప్రక్క తీగె అంతే పైకి వస్తుంది. చేతిలో పిడి ఎటు వాలితే మొక్క మెడ అటు వాలుతుంది. త్రాసు సిద్ధాంతమే! ఎనిమిదవ తరగతి పుస్తకంలో నేను చదివి మార్కులు తెచ్చుకున్నది, ఆయన ఐదవ తరగతి దాటకుండానే చేతితో చేసి చూపారు.

నోరు రెండు దొప్పలు. నానబెట్టిన కాగితపు గుజ్జులో చింతగింజల జిగురు కలిపి కుండ బోర్లించి దాని మీద అచ్చు తీశాము. కొండపల్లి బొమ్మలవారు రంపపు పొట్టులో చింతగింజల పిండి కలిపి చేసే మక్కుకు ఇది దగ్గరి చుట్టం. రెండు దొప్పలను పెట్టె మూతకు వేసే చిన్న బందుతో కలిపాము. అయిదవ తీగె నోరు తెరుస్తుంది. సైకిలు ట్యూబు ముక్క ఒకటి దానిని మూస్తుంది. అంచులకు పళ్లుగా సైకిలు ఊచల ముక్కలు. లోపలి ఎరుపు లారీ రంగే. ఆకులకు మాత్రం ఆ రంగు వేస్తే రేకుల్లా నిలుస్తాయని, నానీ పాత నూలుచీరకు ఆకుపచ్చ అద్దకం వేసి చిక్కని గంజి పెట్టాము.

ఇంత చేసినా, మొదటిసారి నడిపినప్పుడు చూచినవారెవరికీ అది మొక్క అనిపించలేదు. గంగిరెద్దు తల ఊపినట్లు ఊగింది. పిల్లలు నవ్వారు, మేము కోరిన నవ్వు అది కాదు. యంత్రం సరిగానే ఉన్నది, ప్రాణం లేదు. ఇక్కడ రెండు సలహాలు మమ్మల్ని గట్టెక్కించాయి. ఒకటి వృక్షశాస్త్రం నుండి, మరొకటి సుంకి ఘాటు నుండి.

మొదటిది మా అధ్యాపకులు చెప్పారు. అమెరికాలో కరోలినా రాష్ట్రాల బురదనేలలలో పెరిగే వీనస్ ఫ్లైట్రాప్ అనే కీటకాహారి మొక్క ఆకు లోపల సన్నని రోమాలు ఉంటాయి. పురుగు ఒక రోమాన్ని ఒకసారి తాకితే ఆకు ఊరకుంటుంది. సుమారు 20 సెకన్లలోగా రెండవసారి తాకితేనే ఠక్కున మూసుకుంటుంది. వానచుక్కకో, ఎండుటాకుకో మోసపోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. డార్విను మహాశయుడు 1875లో కీటకాహారి మొక్కల మీద ఒక గ్రంథమే వ్రాశారు. మన ఆంధ్రదేశపు తడినేలలలో కూడ డ్రాసెరా అనే బంధువు ఉన్నది. బంకచుక్కలు అంటిన ఆకుతో చీమలను పట్టుకుంటుంది, వెతికేవారి కంటికే ఆనుతుంది. ఈ పాఠాన్ని మేము నాటికలో అక్షరాలా పాటించాము. పేరయ్య మొదటిసారి మొక్కను తాకితే అది కదలదు. సభ ఊపిరి బిగబట్టి చూస్తుంది. రెండవసారి తాకగానే నోరు మూసుకుంటుంది. ఒక్క స్పర్శకే మూసి ఉంటే అది బొమ్మ అయ్యేది. ఆగడంలో ఆలోచన ఉన్నట్లు తోస్తుంది.

రెండవది మామూ సలహా. పిడి పట్టుకున్న మా మిత్రుని ప్రక్కకు జరిపి ఆయన ఇలా అన్నారు: "లోడు బండి ఘాటెక్కడం చూసేవా? గేరు మార్చే చోట ఒక్క పిసరు వెనక్కి గుంజుతాది. అప్పుడు ముందుకు పోతాది. నీ మొక్కకి ఆ గుంజుడు లేదు." తరువాత తానే పిడి పట్టి చూపారు. ముద్ద వైపు మెడ చాచే ముందు రవ్వంత వెనుకకు తగ్గింది. సగం దారిలో ఆగింది. వాసన చూచినట్లు తల ఒరగించింది. అప్పుడు మెల్లగా వంగింది. వసారాలో ఉన్న మా పిన్ని కూతురు నిజంగానే కెవ్వున అరచి లోపలికి పరుగెత్తింది. నేను తరువాత చదువగా తెలిసింది. ఇటువంటి నరభక్షక మొక్క కథతోనే 1960లో ఒక చిన్న చిత్రం, 1982లో సంగీత నాటకం, 1986లో పెద్ద చిత్రం వచ్చాయి. పేరు 'లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్'. ఆ 1986 చిత్రంలో మొక్క బరువుకు చురుకైన కదలిక సాధ్యం కాక, కెమెరాను తక్కువ వేగంతో నడిపి, మొక్క ప్రక్కన నటించేవారిని కూడ నెమ్మదిగా నటించమన్నారట. తెర మీద అంతా మామూలు వేగంతో కనిపించేది. వారికి వేగం కావలసి వచ్చింది. మాకు నిదానం కావలసి వచ్చింది.

మొక్కను విజయనగరానికి చేర్చినది కూడ లారీయే. రామభద్రపురంలో టీకి ఆపిన చోట ఒక మేక ముందు కాళ్లు పైకెత్తి, గంజి రుచి మరిగి, క్లియోపాత్రా ఆకులు రెండు నమిలివేసింది. మాంసాహారి మొక్కను మేక మేసిన వైనం బహుశః ఏ వృక్షశాస్త్ర గ్రంథంలోనూ ఉండదు. గజపతినగరం దాటేలోపల మామూ తన చేతిరుమాలును చింపి ఆ లోటు పూరించారు.

ఇక అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. పదిహేను దినాలు సాధన చేసినా మా మిత్రులలో ఎవరి చేతికీ ఆ గుంజుడు పట్టుబడలేదు. బల్ల క్రింద కూర్చొని పిడి నడపవలసినది మామూయే అని అందరికీ తెలిసిపోయింది. కాని వార్షికోత్సవ పోటీలలో విద్యార్థులు కానివారు పాల్గొనరాదని నిబంధన. కమిటీవారికి విన్నవించుకున్నాము. చాలాసేపు చర్చ జరిగింది. నాటిక వేయవచ్చునని, పోటీలో మాత్రం లెక్కించబోమని నిర్ణయించారు. మా తరగతిలో కొందరికి ఇది కష్టం తోచింది. బహుమతి తప్పక వస్తుందని ఆశించినవారు మరీ బాధపడ్డారు. నాకు ఆ నిబంధన సబబుగానే తోచింది, నేటికీ తోస్తున్నది. రేపు మరొక తరగతివారు వృత్తి నటులను తెచ్చి నిలబెడితే ఏమని ఆపగలం? బహుమతినా, మామూనా అని ఓటు పెట్టుకున్నప్పుడు మామూ వైపు పదకొండు చేతులు లేచాయి, బహుమతి వైపు ఏడు. ఆ ఏడుగురూ ఆ రాత్రి బల్ల మోశారు.

నాటిక ఇరువది నిమిషాలు. నానీ ఖీమా ముద్ద పెట్టినప్పుడు క్లియోపాత్రా తిన్నది. పేరయ్య మిరపకాయ బజ్జీ పెట్టినప్పుడు నోట కరచి, ఒక్క క్షణం ఆగి, వణకి, తల విదిలించి ఆయన ముఖాన ఉమ్మింది. ఉమ్మడం మా రచనలో లేదు. బల్ల క్రింద మామూ అప్పటికప్పుడు చేసిన కల్పన అది. సభ మధ్యభాగం లేచి నిలబడింది. ఉర్దూ విభాగం వారు, తెలుగు విభాగం వారు ఒకే చోట నవ్వడం నేను చూచాను. మాట ఏ భాషలో ఉన్నా మొక్కకు భాష లేదు గదా. తెర పడిన తరువాత పాత్రధారుల పేర్లు చదివారు. ముందే అచ్చయిన కార్యక్రమ పత్రంలో లేని పేరు కనుక మామూ పేరు చదువలేదు. వృక్షశాస్త్ర అధ్యాపకులు లేచి వేదిక వద్దకు వచ్చి, బల్ల గుడ్డ పైకెత్తి, ఆయనను చేయి పట్టుకొని బయటికి తెచ్చారు. మోకాళ్లు పట్టుకుపోయి నిలబడలేక బల్ల పట్టుకొని నిలిచారు. గ్రీజు చేతులు కనుక ఎవరికీ కరచాలనం ఇవ్వలేదు, సలాం చేశారు.

ఇందుకు ఖర్చు మొత్తం 1,640 రూపాయలు. కమిటీవారు మంజూరు చేసిన 2,000లో మిగిలిన 360 తిరిగి చెల్లించాము. మామూ కూలి ఇందులో లేదు, అడిగితే కోపపడ్డారు. అయితే ఆ సభ ముగిసిన వారంలోనే ఆయన నన్ను అడిగిన ప్రశ్న, "అత్తిపత్తిలో తీగె ఎక్కడుంటాది?" అని. తీగె ఉండదని, ఆకుకాడ మొదట చిన్న బుడిపె ఉంటుందని, తాకినప్పుడు ఆ బుడిపె క్రింది సగంలోని కణాలు నీటిని వదలి మెత్తబడితే కాడ వాలుతుందని, ఆ నీరు తిరిగి చేరడానికి పది ఇరువది నిమిషాలు పడుతుందని నాకు తెలిసినంత చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే బ్రేకు ఆయిలు పని" అన్నారు.

మా అధ్యాపకులకు ఈ మాట చేరి, ప్రయోగశాలకు అత్తిపత్తి బుడిపె నమూనా, ఫ్లైట్రాప్ నమూనా ఒక్కొక్కటి చేయించ దలచారు. ఇది కూలి ఇచ్చి చేయించే పని. కాని కొనుగోలుకు ధరల పత్రం, ముద్రించిన బిల్లు ఉండవలెనట. మామూ వద్ద రంపం ఉన్నది, ఉలి ఉన్నది, బిల్లు పుస్తకం లేదు. కాగితం అయిదు నెలలుగా బల్ల నుండి బల్లకు పోతున్నది. ఏ ఒక్కరి తప్పూ ఇందులో లేదని నేనెరుగుదును. నియమాలు దుకాణాల కొరకు వ్రాయబడినవి, వసారాల కొరకు కాదు. ఈ పుటలు చదివే కమిటీ పెద్దలకు ఒక్క విన్నపం: ఏడాదికి ఒకటి రెండు చిన్న పనులనైనా ఇటువంటి చేతిపనివారికి, చేవ్రాలు చేసిన రసీదు మీద చెల్లించే మార్గం ఒకటి ఏర్పరచగలరేమో ఆలోచింప ప్రార్థన. మాకు భౌతికశాస్త్రంలో బలాలను, వృక్షశాస్త్రంలో చలనాలను వేరువేరు గదులలో చెబుతారు. రెండూ ఒకే పిడిలో కలిసి ఉండడం నేను చూచినది ఆ వసారాలో.

క్లియోపాత్రా ఇప్పుడు వృక్షశాస్త్ర ప్రయోగశాల మూల నిలిచి ఉన్నది. కొత్తగా చేరిన విద్యార్థులు పిడి త్రిప్పి చూస్తున్నారు. వెనుక తీగెకు తుప్పు పట్టి మెడ కొంచెం ఎడమకు ఒరిగింది. మామూ మాత్రం కాగితం కొరకు ఆగలేదు. మొన్న సెలవులకు సాలూరు వెళ్లేసరికి వసారాలో చిత్రిక పొట్టు, రెండు సైకిలు ట్యూబు సంచులు, నీటితో నింపిన ఇంజెక్షను సిరంజి ఉన్నాయి. క్రింది సంచిలోని నీరు లాగితే కాడ వాలుతున్నది. లేవడమే ఇంకా సరిగా రాలేదు, ఒక్కసారిగా లేస్తున్నది. పదినిమిషాలు పట్టేటట్లు చేయడానికి సన్నని బెజ్జం గల గొట్టం కావాలన్నారు. నేను విజయనగరంలో వెతుకుతున్నాను.